సంస్థ గుర్తింపులో జ్యామితీయ నమూనా: గడి కట్టడం నుంచి సంచి మీద అచ్చు దాకా సమగ్ర మార్గదర్శి

పుట్టపాక అనే నేత ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, తేలియా రుమాల్ అనే నేత గుడ్డ కోసం గీసుకున్న గ్రాఫ్ కాగితాన్ని చాలాసేపు చూసే అవకాశం నాకు ఒకసారి కలిగింది. ఆ కాగితంలోని ఒక్కో గడి మగ్గం మీదికి వచ్చేసరికి ఎన్ని పోగుల కట్ట అవుతుందో ముందే లెక్క కట్టి ఉంటుంది. ఎక్కడ ఎరుపు, ఎక్కడ నలుపు, ఎక్కడ తెలుపు రావాలో ఆ గడులను బట్టి నిర్ణయించుకొని, రంగు అంటకూడని చోట పోగులను రబ్బరు పట్టీతో బిగించి, ఆ తర్వాతే నూలును రంగులో ముంచుతారు. పడుగుకూ పేకకూ విడివిడిగా ఇలా రంగులద్దిన నూలు మగ్గం మీద కలిసినప్పుడు గడికి గడి కుదరాలి. కట్టు దగ్గర జరిగిన పొరపాటును నేత దగ్గర సరిదిద్దే వీలు లేదు.

సంస్థల కోసం లోగోలు, సంచులు, బోర్డుల రూపకల్పన చేసే నాకు ఆ కాగితం ఎంతో నేర్పింది. ఒక జ్యామితీయ నమూనా విజిటింగ్ కార్డు మీదా, నూనె ప్యాకెట్ మీదా, దుకాణం బోర్డు మీదా ఒకే సంస్థదిగా కనిపించాలంటే, ఆ పని అచ్చు వేసే చోట జరగదు. అంతకన్నా చాలా ముందు, గడి కొలతా రంగూ వాడుక నియమమూ నిర్ణయించే చోటే అంతా తేలిపోతుంది. ఈ వ్యాసంలో ఆ నిర్ణయాలను ఏ వరుసలో, ఏ లెక్కతో తీసుకోవాలో వివరిస్తాను. ఉదాహరణగా మహబూబ్‌నగర్ ప్రాంతంలో కట్టె గానుగతో పల్లీ నూనె తీసి అమ్మే ఒక చిన్న సంస్థను ఊహించుకుందాం.

మొదటి మెట్టు: ఉన్నదంతా నేల మీద పరచడం

కొత్త నమూనా గీయడానికి కూర్చునే ముందు, సంస్థ పేరు మీద ఇప్పటిదాకా అచ్చయిన ప్రతి వస్తువునూ ఒకచోట చేర్చండి. లెటర్ ప్యాడ్, బిల్లు బుక్కు, విజిటింగ్ కార్డు, ప్యాకెట్, డబ్బా లేబుల్, అట్టపెట్టె, బోర్డు ఫొటో, పాత ఫ్లెక్సీ, వ్యాను మీది స్టిక్కరు, పనివాళ్ల టీషర్టు, వాట్సాప్‌లో పెట్టుకున్న బొమ్మ, అన్నీ రావాలి. ఒక్కోదాని పక్కన నాలుగు విషయాలు రాసుకోండి: దాని కొలత ఎంత, ఏ పద్ధతిలో అచ్చయింది, ఎన్ని రంగులు పట్టాయి, చూసేవారు ఎంత దూరం నుంచి చూస్తారు.

ఈ పనికి అరపూట చాలు, కాని దీన్ని దాటవేసి నేను ఒకసారి గట్టిగా నష్టపోయాను. మిర్యాలగూడ వైపు ఒక బియ్యం మిల్లుకు డైమండ్ ఆకారాల నమూనా గీసి, దాన్ని మామూలు జేపెగ్ బొమ్మగా ముగ్గురు వేర్వేరు అచ్చువాళ్లకు పంపాను. సంచి మీద డైమండ్ నిలువుగా సాగింది, ఫ్లెక్సీ మీద అడ్డంగా అణిగింది, వ్యాను మీద రంగు మారింది. యజమాని మూడింటినీ మిల్లు ఆవరణలో పక్కపక్కన పెట్టించి, “ఈ మూడింట్ల మనది ఏది సార్?” అని అడిగారు. తప్పు అచ్చువాళ్లది కాదు. ఖాళీ నిండడం కోసం బొమ్మను సాగదీయవద్దనీ, బిళ్లల (నమూనాలో తిరిగి తిరిగి వచ్చే చతురస్రపు ముక్కల) సంఖ్యను మాత్రమే పెంచాలనీ నేను వాళ్లకు ఎక్కడా రాసి ఇవ్వలేదు.

రెండో మెట్టు: నమూనాకు మూలం ఎంచుకోవడం

మన ప్రాంతంలో జ్యామితి కోసం దూరం వెళ్లవలసిన అవసరం లేదు. పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాల్, నారాయణపేట చీర గళ్లు, గద్వాల చీర అంచు మీది గుడి గోపుర ఆకారాలు, వాకిట్లో చుక్కల ముగ్గులు, ఇవన్నీ లెక్క మీద నిలిచిన కళలే. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం, దాన్ని నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతలకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చట్టం ఇచ్చే జీఐ గుర్తింపు) ఉంది. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో ఆ గుర్తింపు దక్కింది. ఆ నేతను ఫొటో తీసి, ప్లాస్టిక్ సంచి మీద అచ్చు వేసి, దాన్ని పోచంపల్లి డిజైన్ అని పిలవడం నేతవారి పేరును తీసుకొని వారికి ఏమీ ఇవ్వకపోవడమే అవుతుంది. చట్టపరమైన చిక్కులూ రావచ్చు. ఆ అందం మీ సంస్థకు నిజంగా కావాలనుకుంటే గుడ్డనే కొనండి. కార్యాలయంలో గోడకు తెరగానో, సిబ్బందికి దుస్తులుగానో అసలు నేతను వాడితే గౌరవమూ దక్కుతుంది, మగ్గానికి పనీ దొరుకుతుంది. నమూనాకు మాత్రం వారి పద్ధతిని నేర్చుకోండి, వారి ఆకారాన్ని ఎత్తుకోకండి.

ఆకారం మీ పనిలో నుంచే రావాలి. గానుగను పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? గుండ్రటి రోలు, మధ్య నుంచి బయటికి సాగిన కాడి. జ్యామితి భాషలో అది ఒక వలయం, దాని కేంద్రం నుంచి బయలుదేరిన ఒక అడ్డగీత. ఇంతే చాలు. చూసిన పిల్లవాడు నేల మీద పుల్లతో తిరిగి గీయగలిగినంత సులువుగా ఉన్న ఆకారమే పదేళ్లు నిలుస్తుందని నా అనుభవం.

మూడో మెట్టు: గడి కట్టడం

ఈ మెట్టు మీద మీరు ఎంత సమయం పెడితే మిగిలినవన్నీ అంత సులువవుతాయి. ఒక గ్రాఫ్ కాగితం తీసుకొని, అడ్డంగా 12 గడులు, నిలువుగా 12 గడులు ఉన్న చతురస్రాన్ని గుర్తించండి. ఇదే మూల బిళ్ల. 12 ఎందుకంటే అది 2, 3, 4, 6 అన్నింటితోనూ శేషం లేకుండా భాగింపబడుతుంది కనుక, సగం చేసినా, మూడో వంతు చేసినా గీతలు గడి మీదే పడతాయి.

బిళ్ల మధ్యలో బయటి వ్యాసం 8 గడులు, లోపలి వ్యాసం 4 గడులు ఉండేలా వలయం గీయండి. అంటే వలయం మందం 2 గడులు. కేంద్రం నుంచి బిళ్ల పై అంచు దాకా 6 గడుల పొడవు, 2 గడుల మందంతో కాడి గీయండి. వలయానికీ బిళ్ల అంచుకూ మధ్య నాలుగు వైపులా 2 గడుల ఖాళీ మిగులుతుంది. ఇప్పుడు గమనించండి: గీత మందమూ 2 గడులే, ఖాళీ కూడా 2 గడులే. ఈ సమానత్వం వల్లనే బిళ్లలు పక్కపక్కన చేరినప్పుడు ఎక్కడా కిక్కిరిసినట్టుగానీ, ఎక్కడా చిరిగినట్టుగానీ కనిపించదు. చాలా నమూనాలు తేలిపోయేది ఇక్కడే. ఆకారాన్ని శ్రద్ధగా గీసి, దాని చుట్టూ ఉన్న ఖాళీని కొలవకుండా వదిలేస్తారు.

ఇక ఈ బిళ్లకు నిజమైన కొలత ఇవ్వాలి. మన అచ్చువాళ్లు వేసే విజిటింగ్ కార్డు కొలత ఎక్కువగా 90 మిల్లీమీటర్లు, 54 మిల్లీమీటర్లు ఉంటుంది. బిళ్లను 6 మిల్లీమీటర్లుగా నిర్ణయిస్తే కార్డు మీద అడ్డంగా 15, నిలువుగా 9 బిళ్లలు శేషం లేకుండా పడతాయి. ఒక్కో గడి అర మిల్లీమీటరు, గీత మందం 1 మిల్లీమీటరు. కార్డును కోసేటప్పుడు కత్తి కొంచెం అటూఇటూ అయినా తెల్ల అంచు రాకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదులుతారు కదా, అది సరిగ్గా సగం బిళ్ల అవుతుంది. ఏ4 లెటర్ ప్యాడ్ వెడల్పు 210 మిల్లీమీటర్లు కాబట్టి అడుగున ఒకే వరుసగా 35 బిళ్లలు పడతాయి. దుకాణం బోర్డు 12 అడుగులు, 3 అడుగులు అయితే బిళ్లను 6 అంగుళాలు చేయండి. అడ్డంగా 24, నిలువుగా 6. ఇలా ప్రతి వస్తువుకూ బిళ్ల కొలతను ముందే పట్టికగా రాసిపెట్టుకుంటే, అచ్చు వేసే చోట ఎవరూ ఊహించుకోవలసిన పని ఉండదు.

కనిష్ఠ కొలతను కూడా నిర్ణయించండి. ఈ నమూనాకు నేనైతే 4 మిల్లీమీటర్ల బిళ్లను హద్దుగా పెడతాను. అంతకన్నా చిన్నదైతే గీత సన్నబడి సంచి మీద సిరా అలుక్కుపోతుంది, వీడియోలో సన్నని గీతలు కెమెరా కంటికి అలలు అలలుగా మెరుస్తాయి. అంత చిన్న చోట నమూనాను వదిలేసి లోగో ఒక్కటే వాడండి.

నాలుగో మెట్టు: బిళ్లను తిప్పడం, పేర్చడం

ఒకే ఆకారంతో తలాన్ని ఖాళీ లేకుండా నింపగలిగే క్రమ బహుభుజులు (భుజాలన్నీ, కోణాలన్నీ సమానంగా ఉన్న ఆకారాలు) మూడే: సమబాహు త్రిభుజం, చతురస్రం, సమ షడ్భుజి. తలం మీద నమూనాను జరపడం, తిప్పడం, అద్దంలో చూపినట్టు మార్చడం ద్వారా వచ్చే సౌష్ఠవ పద్ధతులు మొత్తం 17 మాత్రమేనని గణితం నిరూపించింది. ఒకే వరుసగా సాగే అంచుకైతే 7. ఈ లెక్కలన్నీ నేర్చుకోనక్కరలేదు, ఒక పద్ధతి ఎంచుకొని దానికి కట్టుబడితే చాలు.

మన బిళ్లలో కాడి పైకి చూస్తోంది. దాని కుడి పక్క బిళ్లలో కాడిని కుడివైపు తిప్పండి, ఆ కింది బిళ్లలో కిందికి, ఎడమ కింది బిళ్లలో ఎడమకు. నాలుగు బిళ్లలు కలిసి గానుగ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఈ నాలుగింటి చతురస్రమే ఇకపై తిరిగి తిరిగి వచ్చే భాగం. దాని కొలత 24 గడులు. తిరిగే దిశ ఎప్పుడూ సవ్య దిశే అని రాసిపెట్టండి. ఎవరైనా బొమ్మను అద్దంలో తిప్పినట్టు మార్చి వాడితే దిశ మారిపోతుంది, చూసేవారికి ఏదో తేడా ఉందని తెలుస్తుంది గానీ అదేమిటో అంతుపట్టదు.

ఒకే వరుసగా వాడేటప్పుడు పైకి చూసే బిళ్ల, కుడికి చూసే బిళ్ల మారి మారి వస్తాయి. లెటర్ ప్యాడ్ మీద 35 అనే బేసి సంఖ్య పడటం వల్ల మొదటి బిళ్లా చివరి బిళ్లా రెండూ పైకే చూస్తాయి. కాగితం రెండు మూలలూ సరితూగుతాయి. ఇలాంటి చిన్న కుదురు కంటికి వెంటనే పట్టదు, కాని కాగితం పద్ధతిగా ఉందన్న భావన అక్కడి నుంచే వస్తుంది.

ఐదో మెట్టు: రంగులు

తేలియా రుమాల్ ఎరుపు, నలుపు, తెలుపు అనే మూడు రంగులతోనే అంత వైవిధ్యం చూపిస్తుంది. నమూనాకు రెండు రంగులు చాలు, మూడు మించకూడదు. మన ఉదాహరణకు పల్లీ పొట్టు ఎరుపు, లేత మీగడ రంగు తీసుకుందాం. తెర మీద ఎరుపుకు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల పాళ్లు) విలువలు 140, 47, 35 అనీ, మీగడ రంగుకు 250, 240, 220 అనీ రాసుకోండి. ఈ రెండింటి మధ్య వెలుగు తేడా 7కు 1 కన్నా ఎక్కువ ఉంది. మామూలు అక్షరాలకు కనీసం 4.5కు 1 ఉండాలన్నది వెబ్ సౌలభ్య ప్రమాణం. అచ్చు కోసం సీఎంవైకే (అచ్చులో కలిసే నాలుగు సిరాల పాళ్లు) విలువలను వేరుగా రాయాలి, వీలైతే ప్యాంటోన్ (ముందే కలిపిన సిరా రంగుల పట్టిక) సంఖ్యను కూడా. తెర మీది ఎరుపు కాగితం మీద అదే ఎరుపుగా రాదు కనుక, ఒకసారి అచ్చు వేయించి, పగటి వెలుతురులో చూసి ఒప్పుకున్న ముక్కను దాచి, తర్వాత వచ్చే ప్రతి అచ్చునూ దానితో పోల్చండి.

ఆరో మెట్టు: అంచు, బాడీ, కొంగు

నమూనాను ఎక్కడ, ఎంత గట్టిగా చూపాలన్నది చాలామంది తడబడే చోటు. దీనికి నాకు దొరికిన మంచి కొలబద్ద చీర. గద్వాల చీరలో నూలు బాడీ నెమ్మదిగా ఉంటుంది, పట్టు అంచు దానికి హద్దు గీస్తుంది, కొంగు మీద పనితనమంతా విప్పారుతుంది. మూడూ ఒకే చీర, కాని మూడింటి గొంతు ఒకటి కాదు. చీరంతా కొంగైతే కట్టుకోవడానికి ఉండదు.

మీ నమూనాకూ ఈ మూడు స్థాయిలే పెట్టండి. అంచు అంటే ఒకటి లేదా రెండు బిళ్లల వరుస, పూర్తి రంగులో, వస్తువు ఒక అంచు వెంబడి. లెటర్ ప్యాడ్, బిల్లు బుక్కు, లేబుల్, వెబ్ పేజీ అడుగు భాగం, వీటన్నింటికీ ఇదే వాడాలి. రోజువారీ వాడుకలో ఎక్కువ భాగం ఇదే అయి ఉండాలి. బాడీ అంటే తలమంతా పరచుకొని, నేపథ్యం కన్నా కొద్దిగా మాత్రమే ముదురుగా ఉండే నమూనా. అట్టపెట్టె లోపలి వైపు, చుట్టే కాగితం, కార్డు వెనక భాగం దానికి తగినవి. కొంగు అంటే బిళ్లను బాగా పెద్దది చేసి, పూర్తి రంగులో, ధైర్యంగా చూపడం. దుకాణం బోర్డులో ఒక చివరి మూడో వంతు, వ్యాను వెనక తలుపు, కొత్త సరుకు ప్రకటన, వీటికే కొంగు.

ఒక వస్తువు మీద కొంగు ఒక్కటే ఉండాలి. కొంగు మీద అక్షరాలు రాయకూడదు. బాడీ మీద రాయవలసి వస్తే అక్షరాల వెనక నమూనా లేని ఖాళీని కనీసం ఒక బిళ్ల వెడల్పున వదలాలి. ఆహార పదార్థాల ప్యాకెట్ మీద నికర బరువు, తయారీ తేదీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య, శాకాహార గుర్తు ఉండే చోట నమూనా ఏ స్థాయిలోనూ రాకూడదు. అవి స్పష్టంగా చదవగలిగేలా ఉండటం చట్టం విధించిన బాధ్యత.

పెద్ద సంస్థల చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ వీటాన్ సంస్థ 1896లో మొదలుపెట్టిన మోనోగ్రామ్ (పేరులోని పొడి అక్షరాల) నమూనా నేటికీ వాడుకలో ఉంది. బర్‌బెర్రీ (బ్రిటన్ దుస్తుల సంస్థ) గళ్లు మొదట వానకోటు లోపలి గుడ్డగా, తొంగిచూస్తేనే కనిపించేవిగా ఉండేవి. అవి ప్రతిదాని మీదికీ ఎక్కి, నకళ్లు కూడా పెరిగాక, 2000 దశకంలో ఆ సంస్థే వాటి వాడకాన్ని తగ్గించుకుంది.

ఏడో మెట్టు: అచ్చు పద్ధతిని బట్టి సర్దుబాటు

ప్యాకెట్ల కోసం వాడే గ్రావ్యూర్ అచ్చులో (చెక్కిన లోహపు సిలిండరుతో వేసే అచ్చు) ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చేయిస్తారు. సిలిండరు చుట్టుకొలతను మన నమూనా తిరిగివచ్చే భాగం శేషం లేకుండా భాగించాలి, లేకపోతే ప్రతి చుట్టుకూ ఒక చోట అతుకు కనిపిస్తుంది. చుట్టుకొలత 480 మిల్లీమీటర్లు అనుకుంటే, బిళ్ల 12 మిల్లీమీటర్లైనప్పుడు తిరిగివచ్చే భాగం 24 మిల్లీమీటర్లు. సరిగ్గా 20 సార్లు పడుతుంది. ఇది సిలిండరు చెక్కించే ముందే అడిగి తెలుసుకోవలసిన లెక్క. చెక్కించాక మార్చాలంటే మళ్లీ మొత్తం ఖర్చు పెట్టాలి. పక్క మడతలున్న సంచి అయితే, మడత గీత రెండు బిళ్లల మధ్య పడేలా చూడండి. వలయం మధ్యలో మడత పడితే దూరానికి అది చిట్లినట్టు ఉంటుంది.

అట్టపెట్టెల మీద వేసే ఫ్లెక్సో అచ్చులో (మెత్తటి రబ్బరు లాంటి ప్లేటుతో వేసే అచ్చు) లేత ఛాయలు నిలవవు. తెర మీద అందంగా కనిపించే 10 శాతం ఎరుపు అట్ట మీద మచ్చలుగానో మాయమైపోయినట్టుగానో వస్తుంది. అందుకే అట్టపెట్టె బయటి వైపు బాడీ స్థాయిని మానేసి, ఒకే రంగులో అంచు మాత్రమే వేయించండి. రెండు రంగులు ఒకదాని పక్కన ఒకటి ఆనుకొని ఉండే చోట యంత్రం కొద్దిగా జరిగినా తెల్ల సందు వస్తుంది. ఒకే రంగు నమూనాకు ఆ బాధ లేదు.

ఫ్లెక్సీ విషయంలో ఒక్కటే జాగ్రత్త: కొలతకు సరిపోకపోతే సాగదీయవద్దని ఫైలు మీదే తెలుగులో పెద్దగా రాయండి.

ఎనిమిదో మెట్టు: ఫైళ్లు, నియమాల పుస్తకం

నమూనాను వెక్టర్ రూపంలో (ఎంత పెద్దది చేసినా గీత చెదరని రూపంలో), అంటే ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఫైళ్లుగా దాచండి. కోరల్‌డ్రాలో పనిచేసే డీటీపీ కేంద్రాలకు కూడా అవి పనికొస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలు పేరులోనే స్థాయి, రంగు, బిళ్ల కొలత ఉండాలి: అంచు, ఎరుపు, 6 మిల్లీమీటర్లు అన్నట్టుగా. పాత ఫైళ్లను తొలగించండి. రెండు రకాలు చేతికి అందుబాటులో ఉంటే తప్పుదే ముందు బయటికి వెళ్తుంది.

నియమాల పుస్తకం ఎనిమిది పేజీలు దాటనక్కరలేదు. మూల బిళ్ల గడులతో సహా, తిరిగే దిశ, రంగుల విలువలు, మూడు స్థాయిలు, కొలతల పట్టిక, చేయకూడనివి బొమ్మలతో, చాలు. నల్గొండ ప్రెస్సులో కూర్చున్న ఆపరేటరు చదువుకొని పని చేయగలిగే తెలుగులో అది ఉండాలి. ఇంగ్లిషులో నలభై పేజీలు రాయించి అలమారాలో పెట్టిన పుస్తకాలు నేను చాలా చూశాను.

తొమ్మిదో మెట్టు: హక్కులు

డబ్బు చెల్లించి బయటి కళాకారుడితో గీయించినంత మాత్రాన నమూనా మీద కాపీరైటు మీకు రాదు. రాతపూర్వకంగా బదిలీ చేయించుకోవాలి. ఆ పత్రంలో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లనే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని కాపీరైటు చట్టం భావిస్తుంది. కాబట్టి రెండూ స్పష్టంగా రాయించండి. కళాకారుడికి తగిన ప్రతిఫలం ఇచ్చి, ఆ మొత్తాన్ని కూడా పత్రంలో చూపండి. నమూనా మీ సంస్థను గుర్తుపట్టేంత ప్రత్యేకంగా ఉంటే దాన్ని ట్రేడ్‌మార్క్‌గా నమోదుకు దరఖాస్తు చేయవచ్చు; నమోదు పదేళ్లు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరించుకోవచ్చు. మార్పు లేకుండా ఏళ్ల తరబడి వాడిన నమూనాకు ఆ దరఖాస్తులో బలం ఎక్కువ. అందుకే ప్రతి అచ్చు నుంచి ఒక ప్రతినీ, దాని బిల్లునూ తేదీతో దాచుకోండి.

పదో మెట్టు: కాపలా

నమూనాకు సంస్థలో ఒక మనిషి బాధ్యత వహించాలి. ఆ మనిషి యజమాని కాకపోయినా ఫరవాలేదు. లెక్కలు చూసే అమ్మాయి అయినా సరే, ఏ ఫైలు బయటికి వెళ్లినా ఆమె చూశాకే వెళ్లాలి. కొత్త అచ్చువాడు వచ్చినప్పుడు మొదట ఒక అంచు వరుసను నమూనా అచ్చుగా వేయించుకొని, దాచిన ముక్క పక్కన పెట్టి చూడాలి. కొత్త సరుకు మొదలైనప్పుడు, ఉదాహరణకు పల్లీ నూనెతో పాటు నువ్వుల నూనె అమ్మదలచినప్పుడు, బిళ్లనూ గడినీ ముట్టుకోకుండా నేపథ్యపు రంగు ఒక్కటే మార్చండి.

ఆరు నెలలకు ఒకసారి, మొదటి మెట్టులో చేసినట్టే, అచ్చయిన వస్తువులన్నింటినీ మళ్లీ నేల మీద పరచి, స్కేలు పెట్టి ఒక్కో బిళ్ల వెడల్పునూ ఎత్తునూ కొలవండి. రెండూ సమానంగా లేని ప్రతి వస్తువు పేరు, అది అచ్చయిన చోటు, తేదీ ఒక నోటుపుస్తకంలో రాసి, సరైన ఫైలును ఆ అచ్చువాడికి అదే రోజు మళ్లీ పంపండి.